రాసుకున్న క్షమాపణ

అన్యాయం ఎవరికి జరిగింది? కురమోచి తెత్సురోకు. ముప్పై ఏడేళ్ళ ఫుట్‌బాల్ ఆటగాడు. తొమ్మిది దేశాల్లో, పద్నాలుగు జట్లకు మైదానం నడుమ నిలబడి బంతిని అందుకుని పంచిపెట్టినవాడు. ఎలా జరిగింది? అతడు చేయని తప్పుకు అతడి నోటి మాటనే సాక్షిగా నిలబెట్టారు. ఎవరు జరిపించారు? ఆ మాట అడిగితే ఫిన్నిష్ తీరంలోని హీతాసారి ఊళ్ళో చాలామంది క్లబ్బు అధ్యక్షుడి పేరు చెబుతారు. అది సగం నిజం. మిగతా సగం జట్టు బట్టలుతికే ఇర్మెలి రాస్కుకు తెలుసు. మూడేళ్ళుగా ఆ సగాన్ని ఆమె నోట్లోనే ఉంచుకుంది.

జూన్ మొదటి మంగళవారం ఉదయం ఇర్మెలి ఉతుకు గదిలో మేజోళ్ళు తిరగేస్తోంది. ఆటగాళ్ళు మేజోడును కాలి నుంచి ఊడలాగి, లోపలిభాగం బయటికి వచ్చినదాన్ని వచ్చినట్టే బుట్టలో పారేస్తారు. ఇరవై రెండు జతలను ఒక్కొక్కటిగా చెయ్యి దూర్చి సరిచేయాలి. లేకపోతే గడ్డి గింజలు లోపలే ఉండిపోతాయి. ఇరవై రెండు అనడం అలవాటు. నిజానికి ఇరవై ఒకటే. కురమోచి తన జతను తానే సరిచేసి, మడిచి, బుట్ట అంచున పెట్టేవాడు. ఆమె ముప్పై తొమ్మిదేళ్ళ కొలువులో ఆ పని చేసినవాడు మరొకడు లేడు.

సాధన జరుగుతున్న మైదానం నుంచి అరుపు వినబడింది. ఆ గది కిటికీలోంచి మైదానం కనబడదు, జెండా కొయ్య మాత్రం కనబడుతుంది. ఆమె మంచుగడ్డల సంచి పట్టుకుని పరిగెత్తింది.

ఒస్కారి గడ్డిలో పడి ఉన్నాడు. ఇరవై మూడేళ్ళవాడు, గోల్స్ కొట్టడంలో ఈ తీరాన అతడికి సాటి లేరు. ఆగస్టులో స్వీడన్ జట్టుకు వెళ్ళవలసినవాడు. మోకాలి కింద కాలు వంగకూడని చోట వంగింది. అతడి పక్కన కురమోచి మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు గడ్డికి తగిలేంతగా వంగి, ఊపిరాడనట్టు ఒకే మాట అంటున్నాడు: "క్షమించు. క్షమించు ఒస్కారీ, క్షమించు."

నాలుగడుగుల అవతల కెప్టెన్ రికు ఎరోలా నడుం మీద చేతులు పెట్టుకుని సముద్రం వైపు చూస్తున్నాడు.

అధ్యక్షుడు ఎస్కో లింద్రూస్ కారు దిగి వచ్చాడు. "ఎవడ్రా?" అన్నాడు.

వెనక నుంచి వచ్చిన దెబ్బ కనుక ఒస్కారి చూడలేదు. దగ్గరున్నవాళ్ళు ముగ్గురో నలుగురో; వాళ్ళ చూపులు ముందు కెప్టెన్ దాకా వెళ్ళాయి, అక్కడ నిలవలేక మోకాళ్ళ మీద ఉన్నవాడి దగ్గరికి దిగాయి. ఎవరూ అబద్ధం ఆడలేదు. ఆడవలసిన అవసరం కలగలేదు.

మధ్యాహ్నం, ఆసుపత్రి బండివాళ్ళు కత్తిరించి వదిలేసిన ఒస్కారి మేజోడు ఆమె బల్ల మీదికి వచ్చింది. పిక్క వైపు రెండు చీలికలున్నాయి, బొటనవేలి వెడల్పు ఎడంతో. అంచులు నున్నగా తెగి ఉన్నాయి. ఇర్మెలి కళ్ళద్దాలు పైకి నెట్టి, బట్టను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. అడుగున రబ్బరు ముళ్ళున్న బూటు దారాన్ని లాగుతుంది, పోగులు లేపుతుంది, తెంచలేదు. తెంచేది ఇనుప ముల్లు. పచ్చిక మీద ఆడే రోజుల్లో ఇనుప ముళ్ళు బిగించుకునేవాడు ఈ జట్టులో ఒక్కడే. ఆ బూట్లు తుడిచేదీ, ఆ ముళ్ళు బిగించేదీ ఆమే. కురమోచి మోకాలు పాడైనప్పటి నుంచి రబ్బరు తప్ప వేయడు.

ఆమె మేజోడును ఉతకలేదు. మడిచి సంచిలో పెట్టుకుంది.

బుధవారం ఆమె ఎస్కో నడిపే కలప అడితికి వెళ్ళింది. ఎస్కో గదిలో కోసిన దేవదారు వాసన, గోడ మీద క్లబ్బు పాత ఫోటోలు.

"రా ఇర్మెలీ, కూర్చో. కాఫీ తాగుతావా?"

"తాగి వచ్చాను." ఆమె మేజోడును బల్ల మీద పరిచి, వేలితో రెండు చీలికలూ చూపించింది. ఇనుము, రబ్బరు, అంచు, పోగు: అన్నీ పొడిగా, వరసగా చెప్పింది.

ఎస్కో అంతా విన్నాడు. విని నవ్వాడు. "ఇప్పుడు మేజోళ్ళు కూడా సాక్ష్యం చెబుతున్నాయన్నమాట! రేపు తువ్వాళ్ళు వస్తాయా కోర్టుకి?"

"నేను నవ్వడానికి రాలేదు ఎస్కో."

"సరే, నవ్వను. పొద్దున కమిటీ కూర్చుంది. కురమోచిని పిలిచాం. 'నువ్వేమైనా చెప్పుకోవాలా?' అని మర్యాదగానే అడిగాను. లేచి నిలబడ్డాడు, నడుం దాకా వంగాడు, 'క్షమించండి, అందరికీ కష్టం తెచ్చిపెట్టాను' అన్నాడు. కార్యదర్శి పైవి రాసింది: తప్పు ఒప్పుకున్నాడు. ఇంక నేనేం చెయ్యను? ఎద్దుని కొమ్ముతో పట్టాలి, మనిషిని మాటతో పట్టాలి అని మా తాత అనేవాడు. మీ తాతా అనే ఉంటాడు. మన దగ్గర మాటంటే మాటే."

"రికుని అడిగావా?"

ఎస్కో చేతిలో కలం ఆగింది. "రికు ఈ ఊరి పిల్లాడు. పదకొండేళ్ళ నుంచి కెప్టెన్. అవతలివాడు ఒప్పుకున్నాక వీణ్ణి అడగడమెందుకు? పైగా ఇది కురమోచికి రెండోది. రాతపూర్వక హెచ్చరిక ఒకటి ఫైల్లో ఉంది కదా. రెండో తప్పుకి విచారణ అక్కర్లేదు, ఒప్పందం రద్దు. రూలు. శుక్రవారం నాలుగింటికి సంతకాలు. తరవాత ఫుట్‌బాల్ సమాఖ్యకి ఉత్తరం."

"ఆ ఉత్తరం వెళితే అతన్ని ఏ దేశంలో ఎవరు తీసుకుంటారు? శరదృతువులో అమ్మాయిల జట్టుకి శిక్షకుడిగా పెడతామని మాటిచ్చారు మీరు."

"తోటివాడి కాలు విరగ్గొట్టినవాడి చేతిలో అమ్మాయిల్ని పెట్టమంటావా?" అతడు కుర్చీలో వెనక్కి వాలాడు. "మొదటి హెచ్చరిక దేనికో మరిచిపోయావా ఏంటి? గులాబీ చొక్కాలు! కొత్త తెల్ల చొక్కాలు, మొదటి మ్యాచ్, పదకొండు మందీ పెళ్ళి కేకుల్లా దిగారు మైదానంలోకి. ఊరంతా కడుపు పట్టుకు నవ్వింది. ఉతికింది నువ్వే కదా!"

"నేనే."

"ఆ రోజూ ఇంతే. ఎవరిదీ ఎర్రగుడ్డ అని అడిగాను. లేచి వంగి క్షమించమన్నాడు. ఒప్పుకునే గుణం ఉంది మనిషికి, కాదనను."

ఇర్మెలి మేజోడును మడిచింది. ఆ మడత పెట్టడానికి మూడు సార్లు ప్రయత్నించవలసి వచ్చింది.

గురువారం క్లబ్బు భోజనశాలలో బఠాణీ సూపు. గురువారమంటే అదే. ఇర్మెలి గరిటె పట్టుకుని నిలబడింది. వడ్డన ఆమె పని కాదు, కానీ వంటామె సెలవులో ఉంది. బల్ల చివర కురమోచి కుర్చీ ఖాళీగా ఉంది. గోల్‌కీపరు దాని వైపు చూసి నోరు విప్పాడు.

"కురా ఉంటే ఈపాటికి 'ఇర్మెలి-సాన్, ఇంకొంచెం' అనేవాడు."

"మొదట్లో ఆ 'సాన్'ని నేను సౌనా అనుకున్నా," అన్నాడు ఇంకొకడు. "ఇర్మెలి సౌనా ఎక్కడుంది, మమ్మల్ని ఆవిరి స్నానానికి పిలవదేం అని అడిగా."

నవ్వులు. పెద్దావిడను కురమోచి దేశంలో పేరు చివర 'సాన్' చేర్చి గౌరవంగా అలా పిలుస్తారని అందరికీ ఎప్పుడో తెలుసు. అయినా ఆ హాస్యం పాతబడలేదు.

"వంగడం బానే వంగుతాడు," అన్నాడు మూడోవాడు రొట్టె తుంచుతూ. "వంగితే విరిగిన ఎముక అతుక్కుంటుందా?"

ఇర్మెలి గరిటెతో గిన్నె అంచు మీద ఒక్క దెబ్బ కొట్టింది. "అతికించాల్సినవాడు వంగినవాడు కాదు. నోరు మూసుకుని తిను."

ఆ మాటకు ఒక్క మనిషే తలెత్తాడు: రికు. ఆమె అతడి వైపే చూస్తోంది. అతడు చెంచా పెట్టేసి, సగం సూపు వదిలేసి, పళ్ళెం తానే తీసుకువెళ్ళి కడిగాడు. ఆ పని అతడు ఎన్నడూ చేయలేదు.

రెండింటికి కురమోచి ఉతుకు గది తలుపు దగ్గర నిలబడ్డాడు. చేతుల్లో క్లబ్బు ఇచ్చిన మూడు జతల బట్టలు, ఇస్త్రీ చేసినంత నీటుగా. బయట బూట్లు విడిచి లోపలికి వచ్చాడు. ఉతుకు గదిలోకి బూట్లు విడిచి వచ్చే మగవాడు అతడొక్కడే.

"లెక్క చూసుకోండి ఇర్మెలి-సాన్."

"నీ బట్టలు నేను లెక్కపెట్టను. కూర్చో." ఆమె స్టూలు జరిపింది. "ఒస్కారిని నువ్వు కొట్టావా?"

అతడు చటుక్కున తలెత్తాడు. "లేదు."

"మరి ఎందుకు క్షమించమన్నావు?"

అతడు కాసేపు ఆలోచించాడు. భాష తక్కువై కాదు. మూడేళ్ళలో అతడి ఫిన్నిష్ ఈ ఊరి చేపల బజారులో బేరమాడేంతగా ముదిరింది. "పాస్ నాది. చిన్నదైంది. ఒస్కారి ఆగి వెనక్కి తిరగాల్సి వచ్చింది. బంతి ఒక్క మీటరు ముందుకు పంపుంటే వాడికి దెబ్బ తగిలేది కాదు. పైగా నేను పెద్దవాణ్ణి, వాడి పక్కనున్నాను. పక్కవాడు పడితే మొదట నోట్లోంచి వచ్చే మాట అదే." కొంచెం నవ్వాడు. "ఏ దేశం వెళ్ళినా ముందు రెండు మాటలు నేర్చుకుంటాను. 'ఇటివ్వు', 'క్షమించండి'. ఈ రెండింటితోనే పదిహేడేళ్ళు ఆడాను. థాయిలాండ్‌లో క్షమించమంటే నవ్వారు. పోలండ్‌లో భుజం తట్టారు. లాత్వియాలో అయితే నన్ను ఎగాదిగా చూసి, బీరు పోశారు. ఇక్కడ రాసుకున్నారు."

ఆ చివరి మాట అతడు ఫిర్యాదుగా అనలేదు. ఇర్మెలికి ఒళ్ళు మండింది.

"చొక్కాల రోజు," అంది. మేజోళ్ళ బుట్టను పక్కకు నెట్టింది. "ఆ ఎర్రగుడ్డ నాది. మా ఇంటి సౌనా తువ్వాలు. చేతులు తుడుచుకుని చూసుకోకుండా మిషన్లో పడేశాను."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"గదిలో అందరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు. మీరు చేతులు ఏప్రన్ కింద దాచారు. ఎవరో ఒకరు మాట్లాడితే ఆ ఇబ్బంది తీరిపోతుంది అనిపించింది. కొత్తవాణ్ణి కదా, ఇలా జరిగినందుకు క్షమించండి అన్నాను. నా గుడ్డ అని మాత్రం అనలేదు."

అవును. అనలేదు. ఆమె ఆ గదిలోనే ఉంది, చెవులారా విన్నది. ఆ వసంతంలోనే ఎస్కో ఉతుకుపనిని పట్నంలో కంపెనీకి అప్పగించే మాట ఎత్తాడు. ఆమె నోరు విప్పలేదు. సాయంత్రానికి ఆ భయం పోయింది. మరుసటి రోజుకు మాట్లాడడం కష్టమైంది. వారానికి అది జరిగిపోయిన సంగతిగా కనిపించింది. ఇంత సులువుగా ఒక మనిషి మరొక మనిషి పేరు మీద బతకవచ్చు.

"నీ ఒప్పందం రద్దు చేయడానికి వాళ్ళకి చిక్కింది ఆ కాగితమే," అంది.

"మీరేం చెప్పకండి. సెప్టెంబరులో మీకు సన్మానం. నలభై ఏళ్ళ మచ్చలేని సేవ అని ఫలకం కూడా చెక్కించారట. నాకేముంది, ఒక సంచీ. సర్దుకోవడం వచ్చినవాణ్ణి."

"ఆపు!" ఆమె లేచి నిలబడింది. "సర్దుకోవడం వచ్చట! నువ్వు వంగుతావు, రికు వాళ్ళు నీ వీపు మీద కూర్చుంటారు, నేనూ కూర్చున్నాను. నీ మంచితనం అన్యాయానికి కుర్చీ వేస్తోంది తెత్సురో. రేపు నాలుగింటికి వస్తావు కదూ?"

"సంతకానికి రమ్మన్నారు."

"రా. సంతకం మాత్రం నేను చెప్పేదాకా పెట్టకు."

ఆ సాయంత్రం ఆమె ఇంట్లో దేనికీ చెయ్యి ఆడలేదు. పదిహేనో ఏట చర్చిలో ఆజ్ఞలు అప్పజెప్పిన రోజు గుర్తుకు వచ్చింది. వాళ్ళ చర్చి లెక్కలో ఎనిమిదవది: నీ పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యము పలుకకూడదు. పలకకుండా కూడా ఆ సాక్ష్యం చెప్పవచ్చునని పాస్టరు ఆ రోజు చెప్పలేదు. చెప్పి ఉండవలసింది.

శుక్రవారం నాలుగింటికి కమిటీ గదిలో కాఫీ, ఏలకుల బన్నులు. బల్లకు ఈ చివర ఎస్కో. పక్కన నోటు పుస్తకంతో కార్యదర్శి పైవి. ఆటగాళ్ళ ప్రతినిధిగా రికు. ఇంకో ఇద్దరు సభ్యులు. ఆ చివర కురమోచి, కోటు వేసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని. ఇర్మెలి తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"పాలు తెచ్చావా? అక్కడ పెట్టు," అన్నాడు ఎస్కో తల తిప్పకుండానే.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏప్రన్ లేకుండా ఆమెను ఆ గదిలో ఎవరూ చూడలేదు. అప్పుడు అందరూ చూశారు.

"పైవీ, కలం తియ్యి. మూడేళ్ళ కిందట చొక్కాలకి రంగెక్కించిన ఎర్ర తువ్వాలు నాది. నేనే వేశాను. ఆ పూటే నాకు తెలుసు. తెలిసి ఊరుకున్నాను, ఉద్యోగం పోతుందని. హెచ్చరిక ఇతని పేరు మీద రాశారు. అది నాది."

పైవి కలం కదలలేదు.

"రాయి."

"ఇర్మెలీ," అన్నాడు ఎస్కో మెల్లగా, "నీకు అతని మీద అభిమానం. అర్థమైంది. కానీ ఆ రోజు అతనే ఒప్పుకున్నాడు."

"నీ పుస్తకంలో ఒప్పుకున్నాడు. పైవీ, ఆ రోజు పేజీ తియ్యి. అతను అన్న మాట ఉందా, నువ్వు అనుకున్న మాట ఉందా?"

పైవి పాత పుస్తకం తెచ్చి పేజీలు తిప్పింది. చదివింది. చెవులు ఎర్రబడ్డాయి. "'క్షమాపణ చెప్పాడు, కనుక బాధ్యుడు' అని ఉంది."

"ఆ 'కనుక' ఎవరిది?"

"నాది," అంది పైవి.

"మనం తప్పు చేస్తేనే క్షమించమంటాం. అదీ పళ్ళు పీకినట్టుంటే గానీ అనం. వాళ్ళు పక్కవాడికి నొప్పి తగిలితే అంటారు. మొన్న గడ్డిలో అతనన్నది అదే, బుధవారం ఈ గదిలో అన్నదీ అదే. మనిషిని మాటతో పట్టాలి అన్నావు కదా ఎస్కో? మాట అర్థం చేసుకున్నాక పట్టాలి."

"నీ సన్మానం సంగతి ఆలోచించావా?" అన్నాడు ఎస్కో. అందులో బెదిరింపు కంటే అయోమయమే ఎక్కువ.

"మచ్చ ఉంది కదా. ఇంక సన్మానమేంటి?" ఆమె బల్ల మీదికి వంగింది. "మొదటి హెచ్చరిక చెల్లదు. అది చెల్లకపోతే విచారణ లేకుండా రద్దు చెయ్యలేరు. రూలు నీదే. విచారణ ఇప్పుడే మొదలుపెట్టు. అతన్ని ఒక్క ప్రశ్న అడుగు. ఇంతవరకూ మీలో ఎవరూ అడగని ప్రశ్న."

ఎస్కో కాఫీ కప్పు పక్కకు జరిపాడు. ఆ గదిలో ఉన్న మిగతావాళ్ళ ముఖాలు చూశాడు, సహాయం దొరకలేదు. "కురమోచీ," అన్నాడు. "ఒస్కారి కాలికి తగిలింది నీ కాలా?"

"కాదు."

ఎంత చిన్న మాట! అది గదిలో పడి అక్కడే నిలిచిపోయింది.

"మరి ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదయ్యా!"

"మీరు అడగలేదు. చెప్పుకోవాల్సింది ఉందా అన్నారు. నాకు చెప్పుకోవాల్సింది ఏమీ లేదు; జరిగినదానికి బాధ ఉంది. అది చెప్పాను."

"అయితే కాలు ఎవరిది?"

కురమోచి ఎస్కో కళ్ళలోకి చూశాడు. "నా కాలు గురించి నన్నడగండి. వేరేవాళ్ళ కాలు గురించి వాళ్ళనడగండి."

అడగవలసిన పని లేకపోయింది. రికు కుర్చీ నేల మీద కీచుమంది. పదకొండేళ్ళ కెప్టెన్ నిలబడి, బల్ల అంచును రెండు చేతులతో పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు: "నేను. ఆలస్యంగా వెళ్ళాను. కావాలని కాదు. చెబుదామనే అనుకున్నా, ఈలోగా ఇతను క్షమించమనేశాడు. ఆ తరవాత..." అతడు ఇర్మెలి వైపు తిరిగాడు. "ఆ తరవాత కష్టమైపోయింది."

"తెలుసు," అంది ఇర్మెలి. జాలి చూపలేదు. "రోజు రోజుకీ ఇంకా కష్టమవుతుంది. కూర్చో."

ఒప్పందం రద్దు కాగితాన్ని ఎస్కో రెండుగా చింపాడు. ఆ చింపడంలో కోపముంది, అది తన మీదేనన్న సంగతి అతడికి ఇంకా పూర్తిగా అందలేదు. పైవి పాత పేజీలో కురమోచి పేరు మీద గీత కొట్టి, పైన ఇర్మెలి రాస్కు అని రాసి, తేదీ వేసింది. రికు తన మాటకు తానే సంతకం పెట్టి, ఆసుపత్రికి వెళుతున్నానని చెప్పి, టోపీ మరిచిపోయి వెళ్ళాడు. ఒస్కారికి ఆ మాట ముఖాముఖి చెప్పవలసింది అతడే.

ఇర్మెలి కుర్చీని కురమోచికి ఎదురుగా తిప్పుకుంది.

"తెత్సురో, నన్ను క్షమించు. ఇది మీ దేశపు మాట కాదు, మా ఊరి మాట. తప్పు నాది, శిక్ష నీది అయింది, నేను చూస్తూ ఊరుకున్నాను అని అర్థం."

అతడు అలవాటుగా లేవబోయాడు. "అబ్బే, అదేం లేదు" అన్న మాట అతడి పెదవుల మీదికి వచ్చేసింది.

"వంగకు. అబ్బే అనకు. కొట్టిపారేస్తే అది తీరినట్టు కాదు. నేనిస్తున్నాను, తీసుకో."

అతడు మళ్ళీ కూర్చున్నాడు. చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. పద్నాలుగు జట్లలో ఎవరూ అతడి నోట వినని మాట ఆ చూపు వెనక నుంచి, నెమ్మదిగా, పరాయి భాషలో ఒక్కొక్క పదంగా బయటికి వచ్చింది.

"మూడేళ్ళు ఇర్మెలి-సాన్. ఆ కాగితం వల్ల ప్రతి వసంతంలోనూ అందరి ఒప్పందాలూ అయ్యాక నన్ను పిలిచేవాళ్ళు. తలుపు బయట నిలబడేవాణ్ణి. లోపలికెళ్ళి థాంక్స్ చెప్పేవాణ్ణి. నాకు కోపం వచ్చేది. మీ మీద."

"రావాలి."

"ఒకసారి చాలా వచ్చింది."

"న్యాయమే."

అతడు ఊపిరి వదిలాడు. భుజాలు కిందికి దిగాయి.

"ఇప్పుడు తీరింది," అన్నాడు.

"మొత్తమా?"

"మొత్తం," అన్నాడు కురమోచి, తల వంచకుండా.